వట్టి సున్నం చాలన్నారు

తిరుత్తణి నుంచి మా ఊరికి వచ్చే బండిబాటలో, ఊరు ఇంకా అరమైలు ఉందనగా, కుడిచేతి వైపు ఎర్రటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది గుడేమో అనుకుని చెప్పులు విడవబోయిన రోజులున్నాయి. గుడి కాదు, నా ఇల్లు. ఆ రంగు నేనే ఎంచుకున్నాను. సలహాలు చాలామంది చెప్పారు గానీ, అన్నీ దానికి ఎదురు సలహాలే. ఇంటికి లోపల బాగుంటే చాలు, బయట ఎట్లా ఉంటే ఏమి అని అనేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. బయటి గోడ కోసం మాట పడాల్సిన అవసరం వాళ్లకు రాలేదు, అంతే.

మా వైపు పొలం మనుషుల ఇళ్లకు రంగులంటే పెద్ద హంగేమీ ఉండదు. గోడకు సున్నం, గోడ అడుగున మూరెడు ఎత్తున ఎర్రకావి పట్టీ, తలుపులకు వేపనూనె. ఆ కావి పట్టీ మాత్రం ఊరికే అందానికి వేసేది కాదు. ఇంటికి యజమాని ఉన్నాడని దాని అర్థం. యజమాని పోతే ఏడాది పాటు ఆ ఇంటికి సున్నమే తాకించరు. ఏడాది తిరిగాక వేసేది వట్టి తెల్లసున్నం. కొడుకు పెళ్లాడి ఇంటికి పెద్ద అయ్యేదాకా ఆ గోడకు మళ్లీ ఎరుపు రాదు. బాటన పోయే బండివాడు కూడా గోడ చూసి లోపల ఎవరున్నారో, ఎవరు లేరో చెప్పేస్తాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. నా దాకా వచ్చాక ఆలోచించాను.

మా ఆయన రంగూనులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. రెండేళ్లకోసారి వచ్చేవారు. బావి చేను ఆయన భాగమని అన్నదమ్ములిద్దరూ నోటిమాట మీద అనుకున్నారు, కాగితం లేదు. మాకు పిల్లలు లేరు. పెళ్లయిన ఆరో ఏట సెలవు మీద వచ్చి, ఆ చేలోనే పునాది తీయించారు. ఊళ్లో ఉమ్మడి ఇంట్లో నాకు ఊపిరాడటం లేదని నేనెప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. ఆయనకే తెలిసింది. పునాదిలో మొదటి రాయి నా చేత పెట్టించి ఓడెక్కి వెళ్లిపోయారు. ఆయన పంపిన దానితో రాతి గోడలు లేపించాను, నాటు పెంకులు కప్పించాను, వాకిలికి రెండు వైపులా తిన్నెలు కట్టించాను. చివరగా వచ్చిన ఉత్తరంలో ఆయన రాసింది గోడల గురించే. పూతకు తొందరపడవద్దు, రాతి సున్నం కాదు, పొన్నేరి వైపు నుంచి చిప్పలు కాల్చిన గుల్ల సున్నం తెప్పించు, వానకు అదే నిలుస్తుంది అని.

గుల్ల సున్నం బళ్ల మీద వచ్చింది. దాన్ని గుంతలో నీళ్లు పోసి నానబెట్టిన నెలలోనే యుద్ధం రంగూను మీదికి పోయింది. ఉత్తరాలు ఆగిపోయాయి. ఓడలు దొరకనివాళ్లు కొండల్లో, అడవుల్లో పడి నడిచి వస్తున్నారని చెప్పుకున్నారు. ఆర్.కె.పేట వైపు ఒకతను అట్లా వచ్చాడని తెలిసి బండి కట్టుకుని వెళ్లి అడిగాను. మిల్లు కాలిపోయింది, జనం తలా ఒక దిక్కు అయ్యారు, అంతకు మించి తెలియదన్నాడు. ఉన్నారనీ అనలేదు, లేరనీ అనలేదు. నేను తిరిగి వచ్చి, కొత్త ఇంట్లోకే మారి, పని సాగించాను. ఆగిపోతే ఆయన రారని నేనే ఒప్పుకున్నట్టు అనిపించింది.

గోడలకు మొదటి పూత అయ్యాక ఒక పొద్దున కొత్తనారు, అంటే మా తాపీమేస్త్రీ, పని మొదలుపెట్టకుండా తిన్నె దగ్గర నిలబడి నీళ్లు నములుతున్నాడు.

"ఏమి సంగతి?" అన్నాను.

"రేపటికి సున్నం కొట్టేది అయిపోతాదమ్మా. అడుగున కావి మాత్రం వొద్దంట. వట్టి సున్నం చాలని పెద్దయ్య చెప్పినాడు."

పెద్దయ్య అంటే మా బావగారు, మా ఆయనకు అన్న.

నాకు అరికాళ్ల నుంచి మంట లేచింది. అప్పటిదాకా ఉమ్మడి ఇంట్లో ఎవరూ నా ముఖం మీద ఒక్క మాట అనలేదు. నా గాజుల వంక చూసి గుటకలు మింగినవాళ్లున్నారు గానీ, నోరు విప్పినవాళ్లు లేరు. విప్పాల్సిన పని లేకుండా దారి వెతుక్కున్నారన్నమాట. ముందు గోడను తెల్లగా చేస్తారు. ఏడాది పోయేసరికి ఊరి కళ్లకు అది అలవాటవుతుంది. అప్పుడు నన్ను తెల్లగా చేయడానికి ఎవరికీ పెద్ద కష్టం ఉండదు.

ఆ పూటే ఊళ్లోకి వెళ్లి బావగారిని అడిగాను. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనను. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"ఇప్పుడు పట్టీ వేసి, రేపు తుడవాల్సి వస్తే ఊరంతా నవ్వతాదమ్మా. వట్టి సున్నమైతే ఎట్లయినా సరిపోతాది. మద్రాసులో బాంబులకి భయపడి జనం ఇండ్లకోసరం తిరగతా ఉండారు. ఆ ఇల్లు బాడిగకిచ్చేద్దాం. నువ్వు ఇక్కడే మాతో ఉండు. నీకేం తక్కువ చేస్తామా?"

"ఆ ఇల్లు బాడిగకి కట్టలేదు బావా," అన్నాను.

"చేను మన అందరిదీ కదమ్మా," అన్నారు, అంతే మెత్తగా.

మెత్తటి మాటలతో చేనూ పోయింది, ఇల్లూ పోయింది, మొగుడూ పోయాడు. ఆ మూలన మా అత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. నేను కావాలనే ఆమె ముందు ఒక్క క్షణం నిలబడ్డాను. అయినా ఎత్తలేదు. ఆమె మీద నాకు బావగారి మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు కొత్తనారు సున్నం కొట్టి, తట్ట, కుంచె సర్దుకుని వెళ్లిపోయాడు. పట్టీ నేనే వేస్తాననుకున్నాను. కావిరాయి ఇంట్లో లేదు. తిరుత్తణిలో కావి అమ్మే అంగడి బావగారి స్నేహితుడిది, అక్కడికి పోతే పని మొదలుకాక ముందే కబురు ఊరు చేరుతుంది. కోపంలో ఉన్న మనిషికి ఓపిక ఉండదు. మా చేలో పండిన పసుపు బుట్టెడు ఇంట్లో ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎరుపు రాదా? ఆరతి నీళ్లు కలపని ఆడది మా వైపు ఎవరున్నారు? పైగా పసుపు. ముత్తైదువకు అంతకంటే హక్కైనది ఏముంటుంది? పసుపు దంచి, జల్లించి, సున్నపు నీళ్లలో కలిపి, కొబ్బరిపీచు కుంచెతో గోడ అడుగున చుట్టూ పూశాను. మధ్యాహ్నానికి నాలుగు గోడలూ అయిపోయాయి. ఎంత ఎరుపంటే, బాటన పోయే బండి ఆగింది. నేను తిన్నె మీద కాళ్లు చాపుకుని కూర్చుని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆరతి నీళ్లను దిష్టి తీసి అప్పుడే పారబోస్తాం. మూడో రోజుకు ఆ ఎరుపు ఏమవుతుందో చూసినవాళ్లం ఎవరమూ లేము. నేను చూశాను. మొదటి రోజు ఎండకు తూర్పు గోడ నారింజ రంగుకు దిగింది. నాలుగో రోజుకు గోడ అడుగంతా కామెర్లు పట్టిన కన్నులా అయింది. వారానికి అక్కడక్కడ మరకలు తప్ప ఏమీ లేదు. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బావి దగ్గర నిలబడి చూసుకున్నారు. ఒకావిడ నాకు వినపడేలాగానే అంది, "గోడే ఒప్పుకోలేదు పాపం." తల కొట్టేసినట్టయింది. ఆ రోజు అన్నం తినలేదు. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే దేనికి ఏడ్చానని చెప్పుకుంటారో తెలుసు కాబట్టి మింగేశాను.

ఆ మరుసటి రోజు కొత్తనారు తల్లి వచ్చింది. ముసలావిడ, జన్మంతా సున్నం రుబ్బి రుబ్బి వేళ్ల గోళ్లు అరిగిపోయిన మనిషి. అడగకుండానే గోడ దగ్గర గొంతుకూర్చుని పసుపు మరకను గోటితో గీకి చూసి, నవ్వింది.

"గోడ మీద పూస్తే ఎండ తినేస్తాది అమ్మణ్ణీ. గోడకి తాపాల. పూత పచ్చిగా ఉండంగానే కావి కలిపి రుద్దాల. ఒక తూరి తాగిందంటే ఇంక ఎవుడు గీకినా పోదు. గోడ పోతేనే అది పోయేది."

"నీ కొడుకు ఒప్పుకుంటాడా?"

"వానికి పెద్దయ్యంటే బయము. నాకు ఎవురి బయము? ఇంక ఎన్నాళ్లు ఉంటా నేను? కావిరాయి తెచ్చుకో పో."

ఆ అమావాస్యకు తిరువళ్ళూరు వెళ్లాను. అమావాస్య నాడు ఆ రైల్లో ఆడవాళ్లు కిటకిటలాడతారు, వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం వేయడానికి. ఒంటరిగా పోయే ఆడదాన్ని ఆ ఒక్క రోజు ఎవరూ ఎక్కడికని అడగరు. స్టేషన్‌లో దిగి అందరూ గుడి వైపు తిరిగారు, నేను అంగళ్ల వైపు తిరిగాను. నాలుగు అంగళ్లు చూశాను. ఒకచోట ఇటుకపొడి కలిపిన కావి చూపించాడు, ఒకచోట నల్లగా మాడినట్టున్న రాయి. నాలుగో అంగట్లో రాయిని తడిపి అరచేతి మీద గీసుకుంటే చిక్కటి ఎరుపు పడింది. ఆరు వీశెలు తూయించాను. అంగడాయన, "ఇంత ఎందుకమ్మా, పట్టీకి వీశె చాలదా?" అన్నాడు. అప్పటిదాకా నాకు కూడా పట్టీ వేసే ఉద్దేశమే. ఆయన అడిగాక తెలిసింది, నాకు మూరెడు పట్టీతో కడుపు నిండదని. స్వామి దగ్గరికి కూడా పోకుండా, కావి మూట ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. వద్దన్నది మూరెడు పట్టీనే కదా, గోడ మొత్తం వేస్తాను, ఏం చేస్తారో చూస్తాను అనుకున్నాను.

ఆ పని ఎట్లాంటిదో చేస్తే గానీ తెలియదు. సున్నం, సన్నటి ఏటి ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు. వీటిని వెన్నలాగా అయ్యేదాకా రుబ్బాలి. చివరి పూతకు కావిపొడీ, గుడ్ల తెల్లసొనా కలిపి మళ్లీ రుబ్బాలి. పలచగా పూసి, అది ఆరిపోయే లోపల ఏటిలో దొరికే నున్నటి గుండురాయితో ఒత్తి ఒత్తి రుద్దాలి. మొదట మట్టిలాగా కనిపిస్తుంది. రుద్దగా రుద్దగా లోపలి నుంచి నిగనిగ వస్తుంది. రుద్దిన తర్వాత గోడకు చెమట పడుతుంది, నిజంగానే, సన్నటి బొట్లు. వాటిని పాత గుడ్డతో తుడుస్తూ ఉండాలి, లేకపోతే తెల్లటి పొర కడుతుంది. రోజుకు రెండు మూరల వెడల్పు కంటే సాగదు. సున్నం నా వేళ్ల సందుల్లో తినేసింది. ఆముదం రాసుకుని గుడ్డలు చుట్టుకుని రుద్దేదాన్ని. ముసలావిడ పక్కన కూర్చుని, ఇక్కడ రాయి తేలిపోయింది, అక్కడ ఒత్తు చాల్లేదు అని సాధిస్తుంటే, వెనక బాట మీద బండ్లు ఆగడం, ఎవరో ఏదో అనడం, మళ్లీ కదలడం వినపడేది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇరవై రోజులకు బాట వైపు తూర్పు గోడ, తిన్నెలతో సహా, నేల నుంచి చూరు దాకా ఎర్రగా అయింది. చివర మూల ఒక్కటి మిగిలింది. మిగతా మూడు గోడలు తెల్లగానే ఉన్నాయి, వాటికి మిగిలిన కావీ చాలదు, నా చేతులూ చాలవు.

అప్పుడు వచ్చారు బావగారు, ఊరి పెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకుని. వెనకాల మా అత్త కూడా ఉంది.

"ఇదేమి సింగారమమ్మా?" అన్నారు బావగారు. మొదటిసారి ఆయన గొంతు గట్టిగా విన్నాను. "తమ్ముడు ఉండాడో లేడో తెలీకుండా ఇంటికి ఈ ఎరుపేమి? చూసేవాళ్లు ఏమనుకుంటారు?"

"లేడని ఎవురు చెప్పినారు బావా? మనిషి వచ్చి చెప్పినాడా, కాగితం వచ్చిందా?" చేతుల్లోని రాయి కూడా దించలేదు నేను. "వస్తే చెప్పండి. ఈ చేత్తోనే గోడంతా గీకి సున్నం కొడతా. ఏమీ రాకముందే నా ఇంటిని తెల్లగా చేసేదానికి మీరెవురు?"

మరిదిని కూడా అనరాని మాట బావను అన్నాను. పెద్దల్లో ఒకాయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. రెండో ఆయన తమలపాకు నములుతూ గోడ దగ్గరికి వెళ్లి, వేలు తడుపుకుని గోడ మీద గట్టిగా రాచి, వేలి కొన చూసుకున్నాడు. రంగు అంటలేదు.

"ఆ బిడ్డ చెప్పేది న్యాయంగానే ఉండాది," అన్నాడు. "కబురొచ్చేదాకా ఈ గోడ జోలికి ఎవురూ పోవద్దు. కబురొస్తే ఆమె మాట ఆమె నిలబెట్టుకుంటాది. సరి, పోదాం పదండి."

వాళ్లు కదిలారు. మా అత్త మాత్రం కదల్లేదు. గోడ పొడుగునా నడిచి చివరి మూల దగ్గర ఆగింది.

"ఇది వదిలేసినావేమ్మే?"

"ఈ పొద్దుకి పూత ఆరిపోతాది, మనుషులొచ్చి పని చెడగొట్టినారు," అన్నాను విసురుగా.

ఆమె కొంగు బిగించి కూర్చుని నా చేతిలోని రాయి లాక్కుంది. బావగారు బాట మీద నుంచి, "అమ్మా, పోదాం రా," అన్నారు.

"నా కొడుకు ఇంట్లో నేను ఉండకూడదా? నువ్వు పో నాయనా," అంది, రుద్దడం ఆపకుండా. ఆ మాటతో ఆమె మీద ఉన్న కోపమంతా నాకు దిగిపోయింది. ఉమ్మడి ఇంట్లో ఆ మూలన ఆమె ఎందుకు తల ఎత్తలేదో అప్పుడు అర్థమైంది. ఎత్తి ఉంటే ఏడ్చేసి ఉండేది. ఆ రోజు నుంచి ఆమె నాతోనే ఉండిపోయింది. వారానికి రెండుసార్లు టపా మనిషి సైకిలు బాటన పోయేటప్పుడు తిన్నె దిగి అడ్డం పోయి అడిగేది. అతను లేదనేవాడు. ఆమె, "సరే నాయనా, వచ్చే వారం చూడు," అనేది.

మూడో ఏట వేసవిలో ఒక మనిషి తిరుత్తణి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఎముకల మీద చర్మం చుట్టినట్టున్నాడు. ఊరికి ఇవతలే, బావి ఉన్న చేలో ఇల్లు అని గుర్తు చెప్పి అడిగాడు. నేను బావి దగ్గర ఉన్నాను. మజ్జిగ ఇచ్చాను. తాగి, చెంబు కింద పెట్టి, నా నుదుటి బొట్టు వంక చూసి తల దించుకున్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది. అతనూ మా ఆయనా కలిసి నడిచారు. కొండల్లో జ్వరం పట్టింది. రెండు రోజులు ఒక చెట్టు కింద ఉన్నారు. మూడో రోజు ఆయన లేవలేదు. అతను ఆకులు కప్పి వచ్చేశాడు. బెంగాలులో ఏడాది పైన ఆసుపత్రుల్లో పడి ఉండి, ఇప్పుడు నడవగలిగి, చెప్పిపోదామని వచ్చాడు. అంతా మెల్లగా చెప్పాడు. మా అత్త ఇరవై అడుగుల దూరంలో తిన్నె మీద వేరుశనగ కాయలు ఒలుస్తూ ఉంది.

"అన్నా, ఊళ్లోకి పోవద్దు," అన్నాను. "ఇంక ఎవురికీ చెప్పొద్దు."

అతను ఎర్రటి గోడ వంక చూశాడు, నా వంక చూశాడు. వచ్చిన దారినే తిరుత్తణికి వెళ్లిపోయాడు.

మనిషి వచ్చాడు, కబురు వచ్చింది, నలుగురి ముందు నేనిచ్చిన మాట ఉంది. ఆ మాట తప్పాను. ఎప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. కర్మ చేయకపోతే ఆయన తిరుగుతూనే ఉంటారని ఎవరైనా అంటే, తిరిగితే తిరగనీయండి, ఆయనకు ఇల్లుంది కదా అంటాను. కానీ ఆ రోజు ఇంత ధైర్యం లేదు. మజ్జిగ చెంబు తీసుకుని తిన్నె దాకా నడిచాను.

"ఎవుర్మే ఆ మనిషి?" అంది అత్త, కాయల మీద నుంచి చూపు తీయకుండా.

"దారి తెలీక అడిగినాడత్తా."

"చెప్పినావా?"

"చెప్పినా."

ఆమె ఒడిలో ఉన్న కాయలన్నీ ఒలిచింది. పొట్టు దులిపి లేచింది. లేచేటప్పుడు తిన్నె స్తంభం పట్టుకుంది. టపా మనిషి సైకిలు గంట వినిపించింది. ఆమె అటు తిరగలేదు.

"పడమటి గోడ ఇంకా తెల్లగానే ఉండాదే," అంది. "గుంతలో సున్నం ఉండాదా?"

"ఉండాది. కావి కూడా కొంచెం మిగిలింది."

"అయితే రేపే మొదలుపెడదాం. నా కొడుకు ఇంట్లో ఒక్క గోడ కూడా తెల్లగా ఉండకూడదు."

మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరం పడమటి గోడ కింద కూర్చున్నాం. ఆమె ఒక కొసన, నేను ఒక కొసన. పూత పూసి రాళ్లు తీసుకున్నాం. కాసేపటికి ఆమె రాయి చప్పుడు మారింది. చూస్తే, నుదురు గోడకు ఆనించి, భుజాలు కదిలిపోతుంటే, చెయ్యి మాత్రం ఆపకుండా రుద్దుతోంది. నేనూ నా ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. మూడేళ్లుగా మింగినదంతా ఆ పూట బయటికి వచ్చింది. ఆ గోడ బాట వైపు కాదు, మమ్మల్ని ఎవరూ చూడలేదు.